కేవీఎం సర్వర్‌కు సెక్యూరిటీ అప్‌డేట్ పూర్తిగా వేయడం ఎలా: ప్యాకేజీ నుంచి నడుస్తున్న వీఎం దాకా

"ప్యాకేజీలు అప్‌డేట్ చేశాను, ఒక్కో వీఎంలోకి వెళ్లి రీబూట్ కూడా కొట్టాను, అయినా స్కాన్‌లో పాత క్యూఎమూ నడుస్తోందనే వస్తోంది, ఎక్కడ పొరపాటు జరిగింది?" చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. కేవీఎం అంటే ఒకే సర్వర్ (హోస్ట్) మీద అనేక వర్చువల్ మెషీన్లను (వీఎంలను) నడిపించే లినక్స్ సదుపాయం. వీఎం లోపల రీబూట్ కొడితే లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రమే మళ్లీ మొదలవుతుంది. బయట హోస్ట్‌లో ఆ వీఎంను నడిపిస్తున్న క్యూఎమూ ప్రాసెస్ ఆగదు, అదే పాత కోడ్‌తో మెమరీలో అలాగే ఉంటుంది. డిస్క్ మీద కొత్త ఫైలు వచ్చింది, నడుస్తున్నది మాత్రం పాతదే.

ఈ ఒక్క విషయం పట్టుబడితే మిగతాదంతా క్రమంగా చేసుకుంటూ పోవడమే. డెబియన్ 12, ఉబుంటు 22.04, 24.04 సర్వర్ల మీద లిబ్‌వర్ట్‌తో (వీఎంలను నిర్వహించే సాఫ్ట్‌వేర్) కేవీఎం వాడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ప్రాక్స్‌మాక్స్ (వెబ్ స్క్రీన్‌తో వీఎంలను నడిపే, కేవీఎం మీదే ఆధారపడిన సిస్టమ్) వాడేవాళ్లకూ సూత్రం ఇదే, తేడా ఉన్నచోట చెబుతాను.

## 1. ఏ అప్‌డేట్‌కు ఏది ఆపి మొదలుపెట్టాలి

వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ అని ఒకే పేరుతో పిలుస్తాం గానీ అందులో నాలుగైదు ముక్కలున్నాయి. ఒక్కోదానికి అప్‌డేట్ వస్తే చేయాల్సిన పని ఒక్కోలా ఉంటుంది.

క్యూఎమూ. వీఎంకు డిస్క్, నెట్‌వర్క్ కార్డు, యూఎస్‌బీ లాంటివి ఉన్నట్టు చూపించే ప్రోగ్రామ్. దీనికి అప్‌డేట్ వస్తే వీఎంను పూర్తిగా ఆపి మళ్లీ స్టార్ట్ చేయాలి, లేదా 5.2లో చెప్పినట్టు వేరే హోస్ట్‌కు మార్చాలి. 2015 మేలో బయటపడిన వెనమ్ లోపం, అంటే సీవీఈ-2015-3456 (సీవీఈ అంటే బయటపడిన సెక్యూరిటీ లోపానికి ఇచ్చే నంబర్), ఇందులోదే. ఎవరూ వాడని ఫ్లాపీ కంట్రోలర్ కోడ్‌లో ఉంది అది. వీఎంకు ఫ్లాపీ డ్రైవ్ పెట్టకపోయినా ఆ కంట్రోలర్ లోపల ఉండేది కాబట్టి "మేం ఫ్లాపీ వాడటం లేదు" అని తప్పించుకునే వీలు లేకపోయింది.

కర్నెల్, అంటే హోస్ట్ లినక్స్‌కు గుండెకాయ. కేవీఎం మాడ్యూల్, వీఎంల నెట్‌వర్క్ లాంటి పనులను వేగంగా చేసే వీహోస్ట్ డ్రైవర్లు ఇందులో ఉంటాయి. దీనికి హోస్ట్ రీబూట్ తప్పదు. 2019లో వీహోస్ట్-నెట్‌లో దొరికిన సీవీఈ-2019-14835, 2025 సెప్టెంబరులో ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు బయటపెట్టిన వీఎంస్కేప్ లోపం, రెండింటికీ మందు కొత్త కర్నెలే.

ప్రాసెసర్ మైక్రోకోడ్. ప్రాసెసర్ లోపలే నడిచే చిన్న కోడ్ ఇది. బూట్ సమయంలో లోడ్ అవుతుంది, కాబట్టి హోస్ట్ రీబూట్ కావాలి. 2019 మేలో వచ్చిన ఎండీఎస్ లాంటి ప్రాసెసర్ లోపాల్లో అంతటితో సరిపోదు. మైక్రోకోడ్ తెచ్చిన కొత్త సీపీయూ ఫ్లాగ్ (ప్రాసెసర్‌కు ఏ సదుపాయం ఉందో చెప్పే గుర్తు) వీఎం లోపలికి కూడా కనిపించాలి, అందుకు వీఎం మొదటి నుంచి స్టార్ట్ అవ్వాలి.

లిబ్‌వర్ట్. సర్వీస్ రీస్టార్ట్ చేస్తే చాలు. నడుస్తున్న వీఎంలు ఆగవు.

ఓవీఎంఎఫ్, సీబయాస్. వీఎం బూట్ ఫర్మ్‌వేర్. దీనికీ వీఎంను ఆపి స్టార్ట్ చేయాలి.

## 2. తయారీ

సగం కష్టం ఇక్కడే ఉంది. అప్‌డేట్ కమాండ్ కొట్టడానికి రెండు నిమిషాలు పడుతుంది. సర్వర్ తిరిగి లేవకపోతే ఏం చేయాలో ముందే చూసుకోకపోతే మాత్రం రాత్రంతా టెన్షనే.

### 2.1 వీఎంల జాబితా

లిబ్‌వర్ట్ కమాండ్ టూల్ అయిన వర్ష్‌లో లిస్ట్ కమాండ్‌కు ఆల్ ఆప్షన్ ఇచ్చి మొత్తం జాబితా తీయండి. ఒక్కోదాని ఎదురుగా అది ఏం పని చేస్తుంది, ఎవరు వాడతారు, ఎంతసేపు ఆపొచ్చు అని రాసుకోండి. ఆటోస్టార్ట్ ఉందో లేదో కూడా చూడండి, లేకపోతే హోస్ట్ లేచాక ఆ వీఎం లేవదు.

జాబితాలో ట్రాన్సియెంట్ వీఎంలు ఉన్నాయేమో వెతకండి. వాటి కాన్ఫిగరేషన్ ఎక్కడా సేవ్ అయి ఉండదు, ఆపగానే జాబితా నుంచే మాయమవుతాయి.

### 2.2 నడుస్తున్న కాన్ఫిగ్, సేవ్ అయిన కాన్ఫిగ్ ఒకటేనా

ఈ మెట్టును దాదాపు ఎవరూ చేయరు, నేనూ ఒకప్పుడు చేసేవాణ్ని కాదు. ఒక ఆఫీసులో ఫైల్ సర్వర్ వీఎంను ఆపి స్టార్ట్ చేస్తే రెండో డిస్క్ లేదు. తీరా వెతికితే, ఎనిమిది నెలల కిందట చోటు చాలక ఎవరో నడుస్తున్న వీఎంకే డిస్క్ తగిలించారు, కాన్ఫిగ్ ఆప్షన్ ఇవ్వకపోవడంతో అది సేవ్ కాలేదు. డేటా పోలేదు గానీ, ఆ డిస్క్ ఫైలు ఎక్కడుందో కనిపెట్టి తిరిగి తగిలించేసరికి తెల్లారింది, పొద్దున్నే వచ్చిన స్టాఫ్ అంతా ఫోల్డర్లు ఏవని అడుగుతూ నిలబడ్డారు.

అందుకే ప్రతి వీఎంకు వర్ష్ డంప్‌ఎక్స్‌ఎంఎల్ (వీఎం కాన్ఫిగ్‌ను చూపించే కమాండ్) రెండుసార్లు తీయండి. ఒకసారి మామూలుగా, అంటే ఇప్పుడు నడుస్తున్నది. ఇంకోసారి ఇనాక్టివ్ ఆప్షన్‌తో, అంటే వచ్చేసారి స్టార్ట్ చేస్తే వచ్చేది. రెండింటినీ డిఫ్‌తో పోల్చండి. డివైజ్ అలియాస్‌లు, ట్యాప్ పేర్లు లాంటి తేడాలు ఎలాగూ ఉంటాయి. డిస్కులు, నెట్‌వర్క్ కార్డులు, మెమరీ, సీపీయూ సంఖ్య మాత్రం ఒకేలా ఉండాలి.

దాచుకునే కాపీ తీసేటప్పుడు సెక్యూరిటీ-ఇన్ఫో ఆప్షన్ కూడా ఇవ్వండి, లేదంటే వీఎన్‌సీ (వీఎం స్క్రీన్‌ను దూరం నుంచి చూసే పద్ధతి) పాస్‌వర్డ్‌లు అందులో రావు. ఆ ఫైళ్లను హోస్ట్ మీదే వదిలేయకుండా వేరే మెషీన్‌కు కాపీ చేయండి.

### 2.3 బ్యాకప్

క్యూకౌ2 ఫైలు (వీఎం డిస్క్ ఉండే ఫైలు) లోపలి స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు. ఆ డిస్క్ ఫైలు పాడైతే స్నాప్‌షాట్ కూడా దాంతోపాటే పోతుంది. వేరే డిస్క్ మీదికి, వీలైతే వేరే మెషీన్ మీదికి బ్యాకప్ తీసి, అందులోంచి కనీసం ఒక్క వీఎంను రీస్టోర్ చేసి లేస్తుందో లేదో చూడండి.

డేటాబేస్ ఉన్న వీఎం అయితే లోపల డేటాబేస్ డంప్ విడిగా తీయండి. గెస్ట్ ఏజెంట్ (వీఎం లోపల నడిచే సహాయక ప్రోగ్రామ్) ఉంటే బ్యాకప్ సమయంలో ఫైల్‌సిస్టమ్‌ను ఫ్రీజ్ చేయొచ్చు, అది మంచిదే, కానీ డంప్ ఉంటే మనసు స్థిమితంగా ఉంటుంది.

### 2.4 హోస్ట్ లేవకపోతే ఎలా

హోస్ట్ రీబూట్ చేశాక ఎస్‌ఎస్‌హెచ్ రాకపోతే స్క్రీన్ మీద ఏముందో చూసే దారి ఉండాలి. ఐడ్రాక్ గానీ ఐఎల్ఓ గానీ ఐపీఎంఐ గానీ, ఏది ఉంటే దాంట్లోకి ఇప్పుడే లాగిన్ అయి కన్సోల్ తెరిచి చూడండి. పాస్‌వర్డ్ గుర్తులేదన్న సంగతి అర్ధరాత్రి తెలియకూడదు.

డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఉంటే బూట్‌లో పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది. అది ఎవరి దగ్గర ఉందో, ఆ మనిషి ఆ సమయానికి ఫోన్ ఎత్తుతారో లేదో కనుక్కోండి.

### 2.5 సమయం

వాడకం తక్కువగా ఉండే రాత్రి ఎంచుకోండి, కానీ మర్నాడు సెలవు అయిన రాత్రి వద్దు. సంక్రాంతికి అందరూ ఊళ్లకు వెళ్లిపోయాక సర్వర్ పడిపోతే సాయానికి ఎవరూ దొరకరు. ట్యాలీ నడిచే వీఎం ఉంటే జీఎస్టీ రిటర్నుల గడువు 20వ తేదీ చుట్టుపక్కల ఆ హోస్ట్ జోలికి పోకుండా ఉండేలా ప్లాన్ చేయండి. అయితే మీరు సరిచేయబోయే లోపాన్ని ఇప్పటికే దాడుల్లో వాడుతున్నారని సెక్యూరిటీ హెచ్చరికలో రాసి ఉంటే మాత్రం తేదీలు చూడకండి, ఆ రాత్రే చేసేయండి.

తయారీ చెక్‌లిస్ట్

☐ వీఎంల జాబితా, ఆటోస్టార్ట్ వివరాలు రాసుకున్నాను
☐ రెండు రకాల ఎక్స్‌ఎంఎల్ తీసి పోల్చాను, కాపీ వేరే మెషీన్‌లో ఉంది
☐ బ్యాకప్ ఉంది, ఒకటి రీస్టోర్ చేసి చూశాను
☐ రిమోట్ కన్సోల్ తెరుచుకుంది
☐ బూట్ పార్టిషన్‌లో కొత్త కర్నెల్‌కు చోటు ఉంది
☐ వాడేవాళ్లకు సమయం చెప్పాను

## 3. వెర్షన్ నంబర్ చూసి మోసపోకండి

డెబియన్ 12లో క్యూఎమూ వెర్షన్ 7.2. ఉబుంటు 22.04లో 6.2, 24.04లో 8.2. ఇవి పాతవిగా కనిపిస్తాయి, స్కానర్ కూడా ఎర్రగా చూపించవచ్చు. నిజానికి డిస్ట్రిబ్యూషన్ వాళ్లు కొత్త వెర్షన్ ఇవ్వరు, కొత్తదాంట్లోని సెక్యూరిటీ ఫిక్స్ మాత్రమే తెచ్చి పాత వెర్షన్‌లో కలుపుతారు. 7.2 తర్వాత ఉండే పొడవాటి తోక మారుతుంది, 7.2 అలాగే ఉంటుంది.

కాబట్టి మీకు కావాల్సిన సీవీఈ నంబర్‌ను ఆప్ట్ చేంజ్‌లాగ్ కమాండ్‌తో వెతకండి, లేదా డెబియన్ సెక్యూరిటీ ట్రాకర్‌లో, ఉబుంటు సీవీఈ పేజీలో చూడండి. వెర్షన్ పాతదని క్యూఎమూను సోర్స్ నుంచి మీరే కంపైల్ చేసి పెట్టే పని చేయకండి. ఆ క్షణం నుంచి ప్రతి సెక్యూరిటీ ఫిక్స్ బాధ్యతా మీదే అవుతుంది, దాన్ని ఏళ్ల తరబడి మోయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

## 4. ప్యాకేజీలు వేయడం

1. టీమక్స్ గానీ స్క్రీన్ గానీ తెరిచి అందులో పని చేయండి. మధ్యలో నెట్ పోయినా అప్‌డేట్ సగంలో ఆగిపోదు.

2. ఆప్ట్-మార్క్ షోహోల్డ్ కొట్టి చూడండి. ఎప్పుడో ఏదో ఇబ్బంది వచ్చి క్యూఎమూను గానీ కర్నెల్‌ను గానీ హోల్డ్‌లో పెట్టి మరిచిపోయిన సర్వర్లు చాలా ఉంటాయి. హోల్డ్‌లో ఉన్నది అప్‌డేట్ కాదు.

3. ఆప్ట్ అప్‌డేట్, తర్వాత అప్‌గ్రేడబుల్ జాబితా. ఏమేం మారబోతున్నాయో చదవండి, ముఖ్యంగా ఏవైనా తొలగిస్తానంటోందా అని.

4. ఆప్ట్ అప్‌గ్రేడ్. ఇక్కడో చిన్న తేడా ఉంది. ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్ అని కొడితే అది కొత్త ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేయదు. కొత్త కర్నెల్ సాధారణంగా కొత్త పేరుతో, కొత్త ప్యాకేజీగా వస్తుంది కాబట్టి అది "కెప్ట్ బ్యాక్" జాబితాలో పడి ఉండిపోతుంది. పాత స్క్రిప్టులు వాడేవాళ్లు ఇది తప్పక సరిచూసుకోవాలి.

5. కాన్ఫిగ్ ఫైలు మార్చాలా అని అడిగితే తొందరపడకండి. ముందు తేడా చూడండి. మీరు చేతితో మార్చిన ఫైలైతే పాతదే ఉంచి, కొత్తదాంట్లోని మార్పులు తర్వాత కలుపుకోండి.

6. డెబియన్ 11 నుంచి 12కు వచ్చిన సర్వర్ అయితే సోర్సెస్ లిస్ట్‌లో నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ ఉందో లేదో చూడండి. 12లో మైక్రోకోడ్ ప్యాకేజీలను ఆ విభాగంలోకి మార్చారు. పాత లైన్ అలాగే ఉంటే అప్‌డేట్ ఏ ఎర్రరూ ఇవ్వకుండా నడుస్తుంది, కానీ మైక్రోకోడ్ ఫిక్సులు రావడం ఆగిపోతుంది.

రెండు హోస్టులు ఉంటే తక్కువ ముఖ్యమైనదానికి ముందు వేయండి. రెండు మూడు రోజులు చూసి రెండోదానికి వెళ్లండి. దాడులు జరుగుతున్న లోపమైతే ఆ ఎడం కొన్ని గంటలకు తగ్గించండి.

## 5. నడుస్తున్న వీఎంలను కొత్త కోడ్ మీదికి తేవడం

మూడు దారులున్నాయి.

### 5.1 ఆపి, స్టార్ట్ చేయడం

వర్ష్ షట్‌డౌన్, అది పూర్తిగా ఆగిందని జాబితాలో చూశాక వర్ష్ స్టార్ట్. వర్ష్ రీబూట్ వాడకండి, దాంతో కూడా ప్రాసెస్ మారదు. ప్రాక్స్‌మాక్స్‌లో మాత్రం వెబ్ స్క్రీన్ మీద ఉండే రీబూట్ బటన్ వీఎంను ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తుంది, అది పనికొస్తుంది. వీఎం లోపల కొట్టే రీబూట్ అక్కడా పనికిరాదు.

షట్‌డౌన్‌కు వీఎం స్పందించకపోతే గెస్ట్ ఏజెంట్ ఉన్నచోట మోడ్ ఏజెంట్ అని ఇచ్చి చూడండి. లేకపోతే లోపలికి లాగిన్ అయి ఆపండి. వర్ష్ డిస్ట్రాయ్ అంటే ప్లగ్ పీకేయడమే, అది ఆఖరి మార్గం. విండోస్ వీఎం ఆగేటప్పుడు తన సొంత అప్‌డేట్లు వేసుకుంటూ ఇరవై నిమిషాలు కూర్చోవచ్చు. హ్యాంగ్ అయిందనుకుని డిస్ట్రాయ్ కొట్టేముందు కన్సోల్ తెరిచి స్క్రీన్ చూడండి.

క్రమం కూడా ముఖ్యం. ఆపేటప్పుడు ముందు అప్లికేషన్, తర్వాత డేటాబేస్, చివర్లో డీఎన్ఎస్ లాంటివి. స్టార్ట్ చేసేటప్పుడు దీనికి సరిగ్గా తలకిందులు.

### 5.2 లైవ్ మైగ్రేషన్

రెండు హోస్టులు, రెండింటికీ అందే స్టోరేజ్ ఉంటే వీఎం ఆపక్కర్లేదు. ముందు ఖాళీ హోస్ట్‌ను అప్‌డేట్ చేసి రీబూట్ చేయండి, పాతదాని మీది వీఎంలను అక్కడికి మైగ్రేట్ చేయండి. అక్కడ కొత్త క్యూఎమూ ప్రాసెస్ మొదలవుతుంది కాబట్టి పాత కోడ్ పోతుంది.

పాత వెర్షన్ నుంచి కొత్తదానికి వెళ్లడం మామూలుగా పనిచేస్తుంది. కొత్తదాని నుంచి వెనక్కి పాతదానికి రావడం నమ్ముకోకండి. ఇంకో సంగతి, మైగ్రేట్ అయిన వీఎం పాత సీపీయూ ఫ్లాగులతోనే వస్తుంది. మైక్రోకోడ్‌తో కొత్త ఫ్లాగ్ కావాల్సి వస్తే 5.1 తప్పదు.

### 5.3 హోస్ట్ రీబూట్

కర్నెల్ లేదా మైక్రోకోడ్ మారితే ఇదే. హోస్ట్ రీబూట్ అయితే వీఎంలన్నీ ఎలాగూ కొత్తగా మొదలవుతాయి కదా అనుకుంటాం. లిబ్‌వర్ట్-గెస్ట్స్ సెట్టింగ్ ఏముందో చూడకుండా అలా అనుకోవద్దు. ఈటీసీ డిఫాల్ట్ డైరెక్టరీలో ఉండే ఆ ఫైలులో ఆన్-షట్‌డౌన్ అన్నది సస్పెండ్ అని ఉంటే వీఎంలు ఆగవు, వాటి మెమరీ మొత్తం డిస్క్‌లో సేవ్ అయి, హోస్ట్ లేచాక అక్కడి నుంచే కొనసాగుతాయి, దాంతో కొత్త సీపీయూ ఫ్లాగులు లోపలికి రావు. షట్‌డౌన్ అని ఉండాలి.

అక్కడే టైమౌట్ కూడా ఉంటుంది. ఆలోపు ఆగని వీఎం, హోస్ట్‌తో పాటు కరెంటు పోయినట్టే పోతుంది. అందుకే నేను దీన్ని నమ్ముకోను, రీబూట్‌కు ముందు వీఎంలన్నింటినీ చేత్తోనే క్రమంగా ఆపుతాను. అరగంట ఎక్కువ పడుతుంది, పడనివ్వండి.

## 6. నిజంగా మారిందా లేదా

క్యూఎమూ. ప్రాక్ డైరెక్టరీలో ఆ వీఎం ప్రాసెస్ నంబర్ కింద ఉండే ఈఎక్స్‌ఈ లింక్ చూడండి. చివర "డిలీటెడ్" అని ఉంటే అది ఇంకా పాత ఫైలుతోనే నడుస్తోంది. ఇంతకన్నా తేలిక, నీడ్‌రీస్టార్ట్ అనే టూల్ నడపండి. పాత హైపర్‌వైజర్ (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్, ఇక్కడ క్యూఎమూ) బైనరీతో నడుస్తున్న వీఎంలు ఏవైనా ఉంటే చివర్లో చెబుతుంది. ఉబుంటు సర్వర్‌లో ప్రతి అప్‌డేట్ తర్వాతా ఆ లైన్ కనిపిస్తూనే ఉంటుంది గానీ ఎవరూ చదవరు.

కర్నెల్. యూనేమ్‌తో నడుస్తున్న వెర్షన్ చూసి, ఇన్‌స్టాల్ అయినదానితో పోల్చండి.

మైక్రోకోడ్, ప్రాసెసర్ లోపాలు. సిస్ డైరెక్టరీలో డివైజెస్, సిస్టమ్, సీపీయూ కింద వల్నరబిలిటీస్ అనే ఫోల్డర్ ఉంటుంది. ఒక్కో లోపానికి ఒక్కో ఫైలు. హోస్ట్‌లో చూశాక వీఎం లోపలికి వెళ్లి అక్కడా చూడండి.

వీఎంలో ఎండీఎస్ ఫైలు "నో మైక్రోకోడ్" అంటుంటే, హోస్ట్ సరిగ్గానే ఉంటే, ఫ్లాగ్ లోపలికి అందలేదన్నమాట. సీపీయూ మోడల్ హోస్ట్-మోడల్ లేదా హోస్ట్-పాస్‌త్రూ అయితే ఆపి స్టార్ట్ చేస్తే వస్తుంది. ఏదో ఒక పేరున్న మోడల్‌ను చేత్తో పెట్టి ఉంటే ఎండీఎస్‌కు కావాల్సిన ఎండీ-క్లియర్ ఫ్లాగ్‌ను ఎక్స్‌ఎంఎల్‌లో మీరే కలపాలి. "ఎస్‌ఎంటీ హోస్ట్ స్టేట్ అన్‌నోన్" అని కనిపిస్తే కంగారు పడకండి, హోస్ట్‌లో ఎస్‌ఎంటీ (ఒక్కో కోర్‌ను రెండుగా వాడే పద్ధతి) ఆన్‌లో ఉందో లేదో వీఎం లోపల నుంచి తెలియదు కాబట్టి అలా రాస్తుంది.

చివరి చెక్‌లిస్ట్

☐ నీడ్‌రీస్టార్ట్‌లో పాత వీఎంలు లేవు
☐ కర్నెల్ కొత్తది
☐ హోస్ట్‌లో, వీఎంలలో వల్నరబిలిటీస్ ఫోల్డర్ చూశాను
☐ బ్రిడ్జ్ నెట్‌వర్క్, స్టోరేజ్ పూల్స్ యాక్టివ్‌గా ఉన్నాయి
☐ ప్రతి వీఎంలోని అప్లికేషన్ తెరిచి చూశాను, పింగ్ వచ్చిందని వదిలేయలేదు
☐ రాత్రి బ్యాకప్ జాబ్ మళ్లీ నడిచింది

## 7. ఇబ్బందులు, వాటికి విరుగుళ్లు

వీఎం స్టార్ట్ కావడం లేదు, పాత స్టేట్ రీస్టోర్ కాలేదంటోంది. సేవ్ అయిన మెమరీ ఇమేజ్ అడ్డుపడుతోంది. మేనేజ్డ్‌సేవ్-రిమూవ్‌తో తీసేసి స్టార్ట్ చేయండి. డిస్క్ మీదికి రాయకుండా మెమరీలోనే ఉన్న డేటా పోతుంది, కాబట్టి అందులో ఏముందో ఆలోచించి చేయండి.

పర్మిషన్ డినైడ్. ఫైలు పర్మిషన్లు బాగానే ఉంటే కర్నెల్ లాగ్‌లో యాప్‌ఆర్మర్ డినైడ్ లైన్ వెతకండి. మామూలుకు భిన్నమైన చోట డిస్క్ ఫైళ్లు పెట్టినవాళ్లకు ఇది వస్తుంది. యాప్‌ఆర్మర్‌ను ఆపేయకండి. వీఎం నుంచి ఎవరైనా బయటపడితే హోస్ట్‌ను కాపాడే గోడ అదే. ఆ ఒక్క దారికి మాత్రం అనుమతి ఇవ్వండి.

హోస్ట్ కొత్త కర్నెల్‌తో లేవలేదు. కన్సోల్‌లో గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కర్నెల్ ఎంచుకోండి. అందుకే పాత కర్నెల్‌ను వెంటనే తీసేయకూడదు.

ఆటోమేటిక్ అప్‌డేట్లు పెట్టాను, సరిపోతుందా? అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ ప్యాకేజీలను వేస్తుంది, వీఎంలను ఆపి స్టార్ట్ చేయదు. హైపర్‌వైజర్ హోస్ట్ మీద ఆటోమేటిక్ రీబూట్ మాత్రం ఆన్ చేయకండి.

## 8. ఈఎస్‌ఎక్స్ఐ వాడేవాళ్లకు

ఈఎస్‌ఎక్స్ఐ అంటే వీఎంవేర్ హైపర్‌వైజర్. దాని గురించి వివరంగా రాయాలంటే మరో వ్యాసం కావాలి గానీ రెండు సంగతులు చెప్పి తీరాలి. 2023 ఫిబ్రవరిలో ఈఎస్‌ఎక్స్ఐఆర్గ్స్ రాన్సమ్‌వేర్ చాలా దేశాల్లో సర్వర్లకు తాళం వేసింది. దానికి ముడిపెట్టిన సీవీఈ-2021-21974కు ప్యాచ్ 2021 ఫిబ్రవరిలోనే వచ్చింది, అంటే రెండేళ్ల ముందు. మేనేజ్‌మెంట్ పోర్టులు ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచి, ప్యాచ్ వేయని సర్వర్లే ఎక్కువగా దెబ్బతిన్నాయి. మీది ఏ హైపర్‌వైజర్ అయినా మేనేజ్‌మెంట్ చిరునామాను వీపీఎన్ వెనక్కి నెట్టండి.

రెండోది, 6.5, 6.7 వెర్షన్లకు సాధారణ మద్దతు 2022 అక్టోబరులో, 7.0కు 2025 అక్టోబరులో ముగిసింది. వాటి మీద ఉన్నవాళ్లు ఈ నెల ప్యాచ్ గురించి కాకుండా ఎక్కడికి మారాలన్నది ఆలోచించాలి.

## 9. రాసిపెట్టుకోవడం

తేదీ, హోస్ట్ పేరు, ఏ సీవీఈ కోసం, పాత ప్యాకేజీ వెర్షన్, కొత్తది, ఏ వీఎంను ఎన్నింటికి ఆపి ఎన్నింటికి స్టార్ట్ చేశారు, ఎవరు చేశారు. ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. ఏదైనా కారణంగా ఆపలేకపోయిన వీఎం ఉంటే దాన్ని ఎర్ర రంగుతో పెట్టి, ఎప్పుడు ఆపుతారో తేదీ వేయండి. తేదీ లేని వీఎం ఏడాదైనా అలాగే నడుస్తుంది.

హోస్ట్ లాగులు కూడా దాచండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం మన దేశంలో లాగులు 180 రోజులు ఉంచాలి, సైబర్ దాడి జరిగితే గమనించిన 6 గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి. అలాంటప్పుడు ఏ సర్వర్‌కు ఏ ప్యాచ్ ఎప్పుడు వేశారని అడగవచ్చు, కాబట్టి ఆ స్ప్రెడ్‌షీట్ కాపీ ఒకటి వీఎంలో కాకుండా బయట కూడా ఉండాలి.